అప్పుడు వద్దన్న ఇళ్లు

1946లో ‘హొరైజన్’ అనే లండన్ సాహిత్య పత్రిక ఓ చిలిపి పోటీ పెట్టింది. బ్రిటన్‌లోకెల్లా వికారమైన భవనం ఏదో తేల్చాలి. రెండో స్థానం ఉత్తర లండన్‌లోని లాన్ రోడ్ ఫ్లాట్స్‌కు దక్కింది. అప్పటికి దాని వయసు పన్నెండేళ్లు. 1999లో అదే భవనాన్ని ప్రభుత్వం వారసత్వ కట్టడాల జాబితాలో మొదటి శ్రేణికి ఎక్కించింది. బకింగ్‌హామ్ ప్యాలెస్, సెయింట్ పాల్స్ కెథీడ్రల్ ఉన్న శ్రేణి అది. ఊరంతా ముక్కు విరిచిన కట్టడం రాజుగారి కోట సరసన చేరడానికి యాభై మూడేళ్లు పట్టింది.

ఆ భవనం ఉన్నది హాంప్‌స్టెడ్ పేటలో. లండన్ నడిబొడ్డుకు వాయవ్యంగా, కొండవాలు మీద ఒకప్పుడు విడిగా ఉన్న ఊరు. తర్వాత నగరం పెరిగి దాన్ని కలుపుకొంది. ఎర్ర ఇటుక గోడలు, ఏటవాలు పెంకు కప్పులు, వాటి మీద బారులు తీరిన పొగగొట్టాలు. కవి జాన్ కీట్స్ నివసించిన ఇల్లు ఇక్కడే ఉంది. చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ సమాధి ఇక్కడి చర్చి ఆవరణలోనే ఉంది. అలాంటి చోట 1930లలో కొందరు ఆర్కిటెక్టులు పెంకుల్లేని, నగిషీల్లేని కాంక్రీటు మేడలు లేపారు. మనకు డాబా అంటే వింతేమీ కాదు. వడియాలు పెట్టుకుంటాం, వేసవిలో పక్కలేసుకుంటాం. ఏడాది పొడుగునా చినుకులు పడే ఇంగ్లండ్‌లో మాత్రం చదును కప్పు చూసి జనం బిత్తరపోయారు. ఇది ఇల్లా, ఫ్యాక్టరీయా అన్నారు.

ఆ ఇళ్లను వరసగా చూసుకుంటూ నడవడం ఇప్పుడు లండన్‌లో ఆర్కిటెక్చర్ అభిమానులకు ఇష్టమైన వ్యాపకం. మొత్తం కలిపి నాలుగైదు కిలోమీటర్లకు మించదు. మధ్యలో టీకి ఆగినా ఒక పూట చాలు. మజిలీ మారుతుంది గానీ కథ ఇంచుమించు ఒకటే. ఎక్కువచోట్ల ప్లాను గీసింది పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు. కాదు కూడదన్నది ఇరుగుపొరుగు. చివరికి ఆ ఇంటిని కాపాడుకున్నది మళ్లీ ఆ ఊరే.

లాన్ రోడ్: పొగగొట్టాల్లేని ఓడ

బెల్‌సైజ్ పార్క్ ట్యూబ్ స్టేషన్ నుంచి బయటికొచ్చి, హేవర్‌స్టాక్ హిల్ దాటి పక్క వీధుల్లోకి దిగితే పది నిమిషాల్లోపే లాన్ రోడ్ వస్తుంది. చెట్ల మధ్య నుంచి ముందు ఓ తెల్లటి గోడ కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ నాలుగంతస్తుల పొడవునా సాగే వరండాలు, వాటికి ఎత్తైన పిట్టగోడలు, ఒక చివర వంపు తిరిగిన మెట్ల గోడ బయటపడతాయి. పొగగొట్టాలు రెండు తగిలిస్తే అచ్చం పెద్ద ఓడే అనిపిస్తుందని ఇందులో అద్దెకున్న ఓ రచయిత్రి అన్నారు. ఆమె అగాథా క్రిస్టీ.

స్థలం జాక్ ప్రిచర్డ్, మోలీ దంపతులది. ఆయన ప్లైవుడ్ కంపెనీ ఉద్యోగి, ఆమె మానసిక వైద్యురాలు. మొదట తమ కుటుంబానికి ఇల్లు కట్టుకుందామనుకున్నారు. ఆలోచన పెరిగి పెరిగి అపార్ట్‌మెంటైంది. ఎలాంటివాళ్ల కోసం కట్టాలో, వాళ్లకేం కావాలో మోలీ కాగితం మీద రాసిపెట్టారు. పెళ్లికాని ఉద్యోగులు, కొత్త దంపతులు, సామాను పెద్దగా లేనివాళ్లు, వంటకీ ఇల్లు ఊడ్చుకోవడానికీ తీరికలేనివాళ్లు. ఆ కాగితానికి రూపమిచ్చింది వెల్స్ కోట్స్. కెనడా మిషనరీల కొడుకు, పుట్టింది టోక్యోలో, చదివింది ఇంజినీరింగ్. మొదటి ప్రపంచయుద్ధంలో విమానం నడిపారు. గుండ్రటి బేకలైట్ రేడియోను డిజైన్ చేసి పేరు తెచ్చుకున్నదీ ఆయనే.

1933లో లండన్‌లో జరిగిన ఒక గృహోపకరణాల ప్రదర్శనలో ఆ ఫ్లాట్ నమూనాను పూర్తి కొలతలతో కట్టి చూపించారు. జనం లోపలికి వెళ్లి తిరిగి చూసుకోవచ్చు. ఉన్నది ఒకటే గది. మంచం, బల్ల, పుస్తకాల అర అన్నీ గోడల్లో కలిసిపోయి ఉంటాయి. పక్కన బట్టలు మార్చుకునే చిన్న గది, స్నానాలగది. తలుపులు మూస్తే కనపడకుండా పోయే అరచేతంత వంటగట్టు. భోజనం కింద ఉన్న ఉమ్మడి వంటింట్లో తయారై పైకి వస్తుంది. బట్టలు ఉతికించడం, బూట్లు పాలిష్ చేయించడం లాంటివన్నీ యాజమాన్యమే చూసుకుంటుంది. ఇవాళ హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగుల కోసం వెలిసిన ‘కో-లివింగ్’ భవనాలు ప్రచారం చేసుకునేవి ఇవే. లాన్ రోడ్ వాళ్లు 1934 జులైలోనే తలుపులు తెరిచారు.

ఆ ఏడాది అక్టోబరులో ఇక్కడ దిగిన అతిథి వాల్టర్ గ్రోపియస్. జర్మనీలో 1919లో బౌహౌస్ కళాశాలను స్థాపించిన ఆర్కిటెక్ట్. 1933లో నాజీల ఒత్తిడితో ఆ కళాశాల మూతపడింది. ప్రిచర్డ్ ఆయనకు ఇక్కడో ఫ్లాట్ ఇచ్చారు. వెనకే బౌహౌస్ మిత్రులు మార్సెల్ బ్రాయర్, లాస్లో మొహోలీ-నాగ్ కూడా వచ్చారు. ముగ్గురూ ఈ వరండాల్లో తిరుగుతూ, వచ్చీరాని ఇంగ్లిష్‌లో పని వెతుక్కున్నారు. ప్రిచర్డ్‌కు ప్లైవుడ్ పిచ్చి. బ్రాయర్ చేతికి ప్లైవుడ్ ఇచ్చి కుర్చీ చేయమన్నారు. అలా పుట్టిందే ‘లాంగ్ చెయిర్’. మనిషి వెనక్కి వాలితే వీపు నుంచి మడమల దాకా ఒకే వంపులో పట్టుకునే పడక కుర్చీ. దానికి కావాల్సిన ప్లైవుడ్ ఎస్టోనియా నుంచి వచ్చేది. 1939లో యుద్ధం రావడంతో సరుకు ఆగిపోయింది, ఆ వ్యాపారమూ ఆగిపోయింది. కుర్చీ మాత్రం ఇప్పుడు మ్యూజియాల్లో ఉంది.

ఉమ్మడి వంటింటిని 1937లో బ్రాయర్ చేత బార్-రెస్టారెంట్‌గా మార్పించారు. ‘ఐసోబార్’ దాని పేరు. దాన్ని నడిపిన ఫిలిప్ హార్బెన్ యుద్ధం తర్వాత బ్రిటిష్ టీవీలో తొలి వంటల స్టార్ అయ్యారు.

ఇదే మేడలో ఇంకో రకం అద్దెదారులూ ఉన్నారు. వియన్నా నుంచి చదువు పేరుతో వచ్చిన ఆర్నాల్డ్ డాయిచ్ సోవియట్ గూఢచారి. కేంబ్రిడ్జ్ పట్టభద్రుడు కిమ్ ఫిల్బీని 1934లో సోవియట్ కొలువులోకి లాగింది ఆయనే. తర్వాత ఫిల్బీ బ్రిటిష్ గూఢచార సంస్థలోనే పెద్ద అధికారి అయ్యాడు. బయటి వరండాల మీదుగా ఎవరింటికైనా ఎవరైనా వెళ్లొచ్చు. పక్కవాళ్లు ఎవరో అడిగే అలవాటు అక్కడ లేదు. గూఢచారులకు ఇంతకంటే ఏం కావాలి?

అగాథా క్రిస్టీ, ఆమె భర్త, పురాతత్వవేత్త మాక్స్ మాలోవన్ 1941లో వచ్చారు. వాళ్ల పాత ఇల్లు బాంబు దాడిలో దెబ్బతింది. ఇటుక ఇళ్లు నేలకూలుతున్న రోజుల్లో కాంక్రీటు భవనమంటే ఓ ధీమా. 1947 దాకా ఇక్కడే ఉన్నారు. మారువేషాల్లో ఉన్న శత్రు గూఢచారులను పట్టుకునే కథతో ఆమె రాసిన ‘ఎన్ ఆర్ ఎం?’ నవల అచ్చయింది కూడా 1941లోనే.

పెచ్చులూడిన వైభవం

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల దాకా ఇంగ్లండ్‌లో ఇంటి బరువంతా గోడల మీదే. గోడ మందంగా ఉండాలి, కిటికీ చిన్నదిగా ఉండాలి. ఆర్‌సీసీ వచ్చాక లెక్క మారింది. బరువు పిల్లర్లకూ స్లాబులకూ పోయింది, గోడ తెర మాత్రమే అయింది. కిటికీని ఈ మూల నుంచి ఆ మూలకు సాగదీయొచ్చు. ఇంటిని నేల నుంచి లేపి పిల్లర్ల మీద నిలబెట్టొచ్చు. స్లాబును బయటికి లాగి వరండా చేయొచ్చు. హాంప్‌స్టెడ్‌లోని ఈ కాలపు ఇళ్లన్నీ ఈ వెసులుబాటును తలా ఒక తీరుగా వాడుకున్నవే.

కొత్త విద్య కాబట్టి తప్పులూ జరిగాయి. కాంక్రీటు లోపలి ఇనుముకు తడి తగిలితే తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, పైన పెచ్చు ఊడుతుంది. మన పాత క్వార్టర్ల సన్‌షేడ్ల కింద నిలబడి తల పైకెత్తినవాళ్లెవరికైనా తెలిసిన సంగతే. పలచటి గోడల వల్ల చలికాలంలో లోపల చెమ్మ దిగేది. తెల్ల రంగు మీద వాన చారలు పడేవి. 1969లో ప్రిచర్డ్ లాన్ రోడ్ భవనాన్ని అమ్మేశారు. 1972లో అది స్థానిక క్యామ్డెన్ కౌన్సిల్ చేతికొచ్చింది. 1974లో రక్షిత కట్టడమని ప్రకటించారు గానీ మరమ్మతుకు డబ్బు రాలేదు. 1990ల చివరికి కిటికీలు పగిలి, మనుషులు ఖాళీ చేసి వెళ్లి పాడుబడింది.

ఆ స్థితిలో మొదటి శ్రేణికి ఎక్కించారు. 2000వ దశకం తొలి సగంలో నాటింగ్‌హిల్ హౌసింగ్ గ్రూప్, ఐసోకాన్ ట్రస్ట్ (ఐసోకాన్ అంటే ఈ భవనానికే మరో పేరు) కలిసి ముందుకొచ్చాయి. అవంతి ఆర్కిటెక్ట్స్ అనే సంస్థ కాంక్రీటుకు అతుకులు వేసి, చలి ఆపే పొరలు పరిచి, పాత రంగును వెతికి పట్టుకుని మళ్లీ నిలబెట్టింది. అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది తర్వాతి నిర్ణయం. 36 ఫ్లాట్లలో 25ను టీచర్లు, నర్సుల్లాంటి ఉద్యోగులకు భాగస్వామ్య పద్ధతిలో కేటాయించారు. మిగతావి బజారు ధరకు అమ్మి ఖర్చు రాబట్టారు. కార్లు నిలిపే గ్యారేజీని 2014లో ఐసోకాన్ గ్యాలరీ అనే చిన్న మ్యూజియంగా మార్చారు. గ్రోపియస్, బ్రాయర్, మొహోలీ-నాగ్‌ల పేర్లతో నీలం రంగు ఫలకం 2018లో గోడెక్కింది.

తెల్ల గోడల చిత్రకారుడు

లాన్ రోడ్‌కు సమాంతరంగా పోయే వీధి పార్క్‌హిల్ రోడ్. అరవయ్యో నంబరు ఇంట్లో 1938 నుంచి 1940 దాకా డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ అద్దెకున్నారు. నల్ల గీతలు, ఎరుపు పసుపు నీలం గళ్లతో బొమ్మలు గీసిన మనిషి. గదిని తెల్లగా సున్నం కొట్టినట్టు మార్చుకుని అందులో పని చేసుకున్నారు. బాంబులు పడటం మొదలయ్యాక న్యూయార్క్ వెళ్లిపోయారు. ఆ చుట్టుపక్కలే శిల్పులు హెన్రీ మూర్, బార్బరా హెప్‌వర్త్, చిత్రకారుడు బెన్ నికల్సన్, విమర్శకుడు హెర్బర్ట్ రీడ్ ఉండేవారు. స్టూడియోల అద్దె తక్కువ, పక్కనే హీత్ అనే పెద్ద బీడు మైదానం, సాయంత్రానికి కబుర్లాడటానికి తమలాంటివాళ్లు. నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఈ పేటకే ఎందుకు చేరారంటే కారణం ఇదే. ముందొచ్చినవాడు వెనకవాడికి గది చూసిపెట్టాడు.

విల్లో రోడ్: మంత్రిగారి అభ్యంతరం

సౌత్ ఎండ్ గ్రీన్ దాటి హీత్ అంచునే నడిస్తే విల్లో రోడ్ తగులుతుంది. ఒకటి, రెండు, మూడు నంబర్ల ఇళ్లు ఒకే వరసలో అతుక్కుని ఉంటాయి. తెల్ల మేడ కోసం వెతికేవాళ్లు వీటిని గమనించకుండానే దాటిపోతారు, ఎందుకంటే ఇవి ఎర్ర ఇటుకతో ఉంటాయి. కాసేపు నిలబడి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. కింద సన్నటి గుండ్రటి కాంక్రీటు స్తంభాలు. వాటి మీద మొదటి అంతస్తంతా ఒకే పట్టీలా సాగే కిటికీ. ఇటుక బరువు మోయడం లేదు. కాంక్రీటు అస్థిపంజరానికి తొడిగిన చొక్కా అది.

గీసింది ఎర్నో గోల్డ్‌ఫింగర్. 1902లో బుడాపెస్ట్‌లో పుట్టి, ప్యారిస్‌లో కాంక్రీటు మేధావి ఆగస్ట్ పెరే దగ్గర పాఠాలు నేర్చుకుని, బ్రిటిష్ చిత్రకారిణి ఉర్సులా బ్లాక్‌వెల్‌ను పెళ్లాడి లండన్ వచ్చారు. అక్కడున్న పాత కుటీరాలు తీసేసి మూడిళ్లు కడతానన్నారు. మధ్యది తమకు. పేటలో కలకలం రేగింది. హీత్ అందం చెడుతుందని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో హెన్రీ బ్రూక్ అనే యువ నాయకుడు ఒకరు. గోల్డ్‌ఫింగర్ జవాబు తెలివైనది. లండన్‌లో తరతరాలుగా ఉన్న పద్ధతి వరస ఇళ్లే కదా, పద్దెనిమిదో శతాబ్దపు జార్జియన్ ఇళ్లూ ఇటుకవే కదా, తానూ అదే చేస్తున్నానన్నారు. అనుమతి వచ్చింది. 1939లో ఇళ్లు పూర్తయ్యాయి.

రెండో నంబరు లోపలికి ఇప్పుడు టికెట్ కొని వెళ్లొచ్చు. తలుపు దాటగానే చిన్న హాలు, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ పైకి పోయే కాంక్రీటు మెట్లు. వాటి లెక్కలు చూసింది ఇంజినీర్ ఓవ్ ఆరప్, తర్వాతి కాలంలో సిడ్నీ ఒపేరా హౌస్‌ను నిలబెట్టిన సంస్థ స్థాపకుడు. పైన గదుల మధ్య గోడలు మడిచి పక్కకు నెట్టేసేవి. పార్టీ అంటే మూడు గదులు ఒకటవుతాయి. పని అంటే మళ్లీ విడిపోతాయి. కిటికీని చూస్తే ఆయన పనితనం అర్థమవుతుంది. పై నుంచి కొంత కిందికి, అద్దానికి అడ్డంగా ఓ పలక ఉంటుంది. వెలుతురు ఆ పలక మీద పడి లోపలి కప్పుకు ఎగురుతుంది, అక్కడి నుంచి గది వెనక మూలకు దిగుతుంది. మబ్బు పట్టిన లండన్‌లో దీపం వేయకుండా పని నడిపించుకునే కిటుకు. గోడల మీద హెన్రీ మూర్, మాక్స్ ఎర్న్‌స్ట్, బ్రిజెట్ రైలీ బొమ్మలున్నాయి. కుర్చీలు, బల్లలు చాలావరకు ఆయన గీసుకున్నవే.

‘గోల్డ్‌ఫింగర్’ పేరు ఎక్కడో విన్నట్టుందా? జేమ్స్ బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్‌కు ఈ పేరు ఉర్సులా బంధువొకరి ద్వారా గోల్ఫ్ మైదానంలో చెవిన పడిందని చెబుతారు. 1959లో వచ్చిన నవలలో విలన్‌కు అదే పెట్టారు. ఆర్కిటెక్ట్ కోర్టుకెళ్తానన్నారు. ప్రచురణకర్తలు లాయరు ఖర్చులు భరించి, పుస్తకం ప్రతులిచ్చి రాజీ చేసుకున్నారు.

ఇక హెన్రీ బ్రూక్ సంగతి. ఆయన హాంప్‌స్టెడ్ ఎంపీగా గెలిచి, 1962లో బ్రిటన్ హోంమంత్రి అయ్యారు. గోల్డ్‌ఫింగర్ 1987లో, ఉర్సులా 1991లో చనిపోయాక ఆ ఇంటిని జాతీయ ఆస్తిగా నిలిపే ఏర్పాట్లు జరిగాయి. అప్పుడు, అంటే 1992 నుంచి 1994 దాకా, బ్రిటన్ వారసత్వ శాఖ మంత్రి పీటర్ బ్రూక్. హెన్రీ బ్రూక్ కొడుకే. 1994లో ఇల్లు నేషనల్ ట్రస్ట్ పరమైంది. జమీందారీ భవంతులను కాపాడే ఆ సంస్థ జనానికి తెరిచిన తొలి మోడర్న్ ఇల్లు ఇదే. తండ్రి వద్దన్నదాన్ని కొడుకు హయాంలో దేశం భద్రం చేసుకుంది.

మనవాళ్ల అడుగులు

విల్లో రోడ్ నుంచి హీత్‌లోకి కాస్త పక్కదారి పడితే వేల్ ఆఫ్ హెల్త్ అనే చిన్న పల్లెలాంటి చోటొస్తుంది. 1912 వేసవిలో రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడ ఓ ఇంట్లో ఉన్నారు. ఇంగ్లిష్ గీతాంజలి అచ్చయిన ఏడాది అది. ఇంటి మీద ఫలకం ఉంది. పదేళ్ల తర్వాత, 1922 డిసెంబరులో, ఆయన సొంత ఊరు కోల్‌కతాలో బౌహౌస్ చిత్రకారుల ప్రదర్శన జరిగింది. జర్మనీ బయట ఆ కళాశాల పనిని చూసిన తొలి నగరాల్లో కోల్‌కతా ఒకటి.

దక్షిణంగా కొంత దూరంలో, ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గర కింగ్ హెన్రీస్ రోడ్ పదో నంబరు ఇల్లుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతున్నప్పుడు 1921-22లో డాక్టర్ అంబేడ్కర్ ఉన్న ఇల్లు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకంగా మార్చింది. సందర్శకుల రద్దీ వల్ల ఇబ్బందంటూ ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు. నివాసగృహాన్ని మ్యూజియం చేయడానికి క్యామ్డెన్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. విచారణ జరిగాక 2020లో బ్రిటన్ ప్రభుత్వం అనుమతిచ్చింది. ఈ పేటల్లో ఇరుగుపొరుగు అభ్యంతరం ఎంత బలమైనదో, ఎంతదాకా పోతుందో తెలియాలంటే 1930ల దాకా వెళ్లనక్కర్లేదు.

ఫ్రాగ్నల్: ఒకే వీధిలో రెండు కాలాలు

మళ్లీ విల్లో రోడ్ నుంచి కొండెక్కి హాంప్‌స్టెడ్ హైస్ట్రీట్ దాటితే చర్చ్ రో వస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇటుక ఇళ్లు ఇటూ అటూ వరసగా నిలబడి ఉంటాయి. చివర సెయింట్ జాన్ చర్చి. అక్కడి నుంచి పడమటికి దిగితే ఫ్రాగ్నల్, దాన్ని ఆనుకుని ఫ్రాగ్నల్ వే.

మలుపులో ఉన్నది 66 ఫ్రాగ్నల్. లాయరు జెఫ్రీ వాల్‌ఫర్డ్ కోసం కానెల్, వార్డ్, లూకాస్ సంస్థ కట్టిన ఇల్లు. అమ్యాస్ కానెల్, బేసిల్ వార్డ్ న్యూజిలాండ్ నుంచి వచ్చినవాళ్లు. నేలంతస్తులో పిల్లర్లు, గ్యారేజీ. పడకగదులు ఆ పైన. కూర్చునే గది అందరిలా కింద కాకుండా పై అంతస్తులో, దాని ముందు ఆరుబయలు. వెలుతురూ దృశ్యమూ ఎక్కడ బాగుంటే మనుషులు పగలు అక్కడే గడపాలన్నది లెక్క. ఈ వీధిలోనే, 51వ నంబరులో, సర్ రెజినాల్డ్ బ్లూమ్‌ఫీల్డ్ ఉండేవారు. బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంఘానికి ఒకప్పటి అధ్యక్షుడు, సంప్రదాయ శైలికి పెద్దదిక్కు. కొత్త శైలి మీద దుమ్మెత్తిపోస్తూ 1934లో ‘మోడర్నిస్మస్’ పేరుతో ఏకంగా పుస్తకమే రాశారు. అలాంటి పెద్దమనిషి వీధిలో కాంక్రీటు పెట్టె కడతామంటే గొడవ కాకుండా ఎలా ఉంటుంది? వ్యవహారం లండన్ కౌంటీ కౌన్సిల్ దాకా పోయింది, పత్రికలకెక్కింది. వాల్‌ఫర్డ్ వెనక్కి తగ్గలేదు. 1938కి ఇల్లు లేచింది. ఇప్పుడది రక్షిత కట్టడం.

ఫ్రాగ్నల్ వేలో తొమ్మిదో నంబరు సన్ హౌస్. 1935 నాటిది. వాలు నేల మీద మూడంతస్తుల తెల్ల మేడ, పొడుగాటి కిటికీలు, పుల్లల్లాంటి స్తంభాల మీద నిలిచిన బాల్కనీ. ఎండ కోసం మొహం వాచిన దేశంలో ఎండను పిలిచి కూర్చోబెట్టే ఇల్లు. ఇదే సందులో గాయని గ్రేసీ ఫీల్డ్స్ కోసం అదే దశకంలో కట్టిన స్పానిష్ తరహా ఇల్లూ ఉంది. రెంటినీ ఒకేసారి చూస్తే ఆనాటి ఇంగ్లండ్ ఎటు పోవాలో తేల్చుకోలేక నిలబడ్డ చోటు కనిపిస్తుంది.

సన్ హౌస్ గీసింది మాక్స్‌వెల్ ఫ్రై. ఈ వరసలో అరుదైన అసలు ఇంగ్లిష్‌వాడు. గ్రోపియస్ లండన్‌లో ఉన్నన్నాళ్లూ ఆయనకు భాగస్వామి. భారతీయ పాఠకులు ఈయనను ఆగి చూడాలి. 1951 నుంచి మూడేళ్లు, భార్య జేన్ డ్రూతో కలిసి చండీగఢ్‌లో పనిచేశారు. రాజధాని భవనాల పేరు ఆర్కిటెక్ట్ లె కార్బూజియేకు దక్కింది. గుమాస్తాలు, ప్యూన్లు, ఉపాధ్యాయులు ఉండే క్వార్టర్లు గీసినవాళ్లలో మాత్రం ఫ్రై దంపతులు, ఆర్కిటెక్ట్ పియర్ జనరే ముఖ్యులు. హాంప్‌స్టెడ్‌లో అద్దాలు పరిచి ఎండను లోపలికి రప్పించిన చేయి, చండీగఢ్‌లో ఎండను ఆపడానికి ఇటుక జాలీలు కట్టింది, సన్‌షేడ్లు లాగింది, రాత్రిళ్లు పడుకోవడానికి డాబాలు ఉంచింది. శైలి ఒకటే, సూర్యుడు వేరు. ఆ తేడాను ఆయన ఒప్పుకుని ప్లాను మార్చుకున్నారు. మన ఊళ్లలో పడమటి గోడ మొత్తానికి అద్దాలు బిగించి, ఆ వేడి తట్టుకోలేక ఏసీలు నడిపే నేటి బిల్డర్లు ఈ ఒక్క పాఠం నేర్చుకున్నా చాలు.

తండ్రికి కొడుకు కట్టిన లిఫ్టు

ఫ్రాగ్నల్ వెంట కిందికి దిగుతుంటే ఫ్రాగ్నల్ క్లోజ్ అనే చిన్న ఆవరణలో కొన్ని ఇటుక ఇళ్లు కనిపిస్తాయి. హడావుడి లేదు, తెలుపు లేదు. కిటికీల పొందిక, గోడల చదును చూస్తేనే 1930ల చివరి మోడర్న్ పని అని తెలుస్తుంది. ఆర్కిటెక్ట్ ఎర్న్‌స్ట్ ఫ్రాయిడ్. మనస్తత్వ శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ చిన్న కొడుకు, చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ తండ్రి. బెర్లిన్‌లో పేరున్న వృత్తిని వదులుకుని 1933లో వచ్చారు. 1938లో నాజీలు వియన్నాను పట్టుకున్నాక ఎనభై రెండేళ్ల తండ్రి కూడా లండన్ చేరారు. కొంచెం దూరంలోని మేర్స్‌ఫీల్డ్ గార్డెన్స్ ఇరవయ్యో నంబరు ఇంటిని కొడుకు ఆయన కోసం సిద్ధం చేశారు. ఇల్లు పాత పద్ధతిదే. మెట్లెక్కలేని తండ్రికి లిఫ్టు పెట్టించారు. తోటలోకి చూస్తూ కూర్చునేందుకు వెనక అద్దాల గది తీశారు. ఫ్రాయిడ్ అక్కడే 1939 సెప్టెంబరులో కన్నుమూశారు. 1986 నుంచి అది మ్యూజియం.

ఎవరి కోసం కట్టారు, ఎవరికి దక్కాయి

ఈ నడక ముగిసేసరికి మెచ్చుకోలుతో పాటు ఒక లెక్క కూడా చూసుకోవాలి. చవకగా, శుభ్రంగా, వెలుతురుతో అందరికీ ఇళ్లన్నది ఆ తరం చెప్పిన మాట. హాంప్‌స్టెడ్‌లో కట్టినవి మాత్రం లాయర్లు, డాక్టర్లు, స్తోమత ఉన్న కళాభిమానుల ఇళ్లే. ఇవాళ ఈ వీధుల్లో ఇల్లు కొనడం కోటీశ్వరులకే సాధ్యం. మాట నిలబెట్టుకున్నది ఒక్క లాన్ రోడ్డే, అదీ కట్టిన డెబ్భై ఏళ్లకు, నర్సులకూ టీచర్లకూ ఫ్లాట్లు ఇచ్చినప్పుడు. మొత్తం నడకలో ఒక్క భవనాన్నే చూసే వ్యవధి ఉంటే, తప్పక చూడాల్సింది అదే.

లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. లాన్ రోడ్‌లోని ఐసోకాన్ గ్యాలరీ తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్లాలి. విల్లో రోడ్ ఇల్లు కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లాలి. ఫ్రాగ్నల్ ఇళ్లలో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. వాటిని రోడ్డు మీద నుంచే చూడాలి, గేటు దాటకూడదు. ఏటా సెప్టెంబరులో జరిగే ఓపెన్ హౌస్ ఉత్సవంలో మామూలుగా మూసి ఉండే భవనాలు చాలానే తలుపులు తెరుస్తాయి. ప్రయాణం ఆ నెలకు కుదిరితే ముందుగానే జాబితా చూసుకోండి. కొండవాలు నడక కాబట్టి మంచి బూట్లు వేసుకోండి, గొడుగు మరవకండి.